గడ్డం గీసుకునే సామాను మీకు సరిపడేదేనా?

కొంతకాలం క్రితం చర్మవ్యాధుల ఓ.పి.కి అరవై దాటిన ఒక పెద్దాయన వచ్చారు. పల్లెటూరి రైతు. పదేళ్లుగా షుగరు ఉంది. దవడల కింద, మెడ మీద ఎర్రగా పొక్కులు లేచి, కొన్నింట్లో చీము పట్టింది. ఆయన బాధ నొప్పి గురించి కాదు. "గడ్డం గీసుకోవడం మానేయమంటారా డాక్టరుగారూ? ఆదివారం నలుగురిలోకి ఈ గడ్డంతో ఎట్లా పోయేది?" అని అడిగారు.

దేనితో గీసుకుంటున్నారని అడిగితే విదేశంలో ఉన్న కొడుకు పంపిన అయిదు బ్లేడ్ల రేజరు సంగతి చెప్పారు. దాని బ్లేడు ఖరీదు ఎక్కువ కాబట్టి నాలుగు నెలలుగా అదొక్కటే వాడుతున్నారట. తెగకపోతే ఇంకాస్త గట్టిగా నొక్కుతారట. అంతకుముందు వాడిన ఇనప రేజరు, బ్రష్షు, గుండ్రటి సబ్బు అటక మీద ఉన్నాయి. వాటితో ఎప్పుడూ ఇలా కాలేదన్నారు.

పాతదంతా మంచిది, కొత్తదంతా చెడ్డది అని చెప్పడం మా ఉద్దేశం కాదు. మీ చర్మానికి, మీ వెంట్రుకకు, మీ జబ్బుకు, మీ జేబుకు ఏది సరిపోతుందో తెలుసుకుని ఎంచుకోవాలి. అందుకు అవసరమైన సంగతులు ఇవి.

రేజరు

మడత కత్తి అందరికంటే పాతది. దాన్ని తోలు మీద నూరుకోవాలి, చెయ్యి కుదురుగా ఉండాలి. ఇంట్లో సొంతంగా వాడేవారికి దీన్ని మేము సిఫారసు చేయము.

రెండవది, రెండు వైపులా పదునుండే పలుచని బ్లేడు పెట్టుకునే రేజరు. అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ అనే ఆయన వాడి పారేసే బ్లేడుతో దీన్ని తయారుచేయించారు. అమ్మకం మొదలుపెట్టిన 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. 1904లో పేటెంటు వచ్చింది. తరువాత అది ప్రపంచమంతా పాకింది. మన ఇళ్లలో తాతల కాలం నుంచి ఉన్నది ఈ రకమే.

మూడవది, రెండు నుంచి అయిదు బ్లేడ్లు ఒకే తలలో బిగించి ఉండే కార్ట్రిడ్జ్ రేజరు. తల అటూ ఇటూ వంగుతుంది కాబట్టి కొత్తవారికి సులువు. కానీ ముందు బ్లేడు వెంట్రుకను కాస్త పైకి లాగితే వెనక బ్లేడు కోస్తుంది. తెగిన కొస చర్మం లోపలికి జారిపోతుంది. ఉంగరాల వెంట్రుక ఉన్నవారిలో ఆ కొస మళ్లీ పెరిగేటప్పుడు చర్మంలోకే గుచ్చుకుని పొక్కు లేస్తుంది. అలాంటివారికి ఒక్క బ్లేడే మేలు.

రెండవ రకం కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి. ఒకటి, బ్లేడు అంచుకూ కింది పట్టీకీ మధ్య సందు. సందు తక్కువైతే రేజరు మెత్తగా నడుస్తుంది. సున్నితమైన చర్మానికి, నేర్చుకునేవారికి ఇదే మంచిది. పట్టీ దువ్వెన పళ్లలా ఉండే రకం సాధారణంగా ఎక్కువ రోజుల గడ్డానికి, మొరటు వెంట్రుకకు వాడతారు. రెండు, బరువు. ఇత్తడి, స్టీలు రేజర్లు కాస్త బరువుగా ఉంటాయి. ఆ బరువే పని చేస్తుంది, మీరు నొక్కనక్కరలేదు. మూడు, పిడి. తడి చేతికి జారకుండా గరుకు గీతలుండాలి.

బ్లేడు

అందరికీ సరిపడే బ్లేడు అంటూ లేదు. ఒకరికి హాయిగా నడిచింది ఇంకొకరికి మంట పుట్టిస్తుంది. రెండు మూడు కంపెనీల చిన్న ప్యాకెట్లు తెచ్చుకుని, ఒక్కొక్కటి వారం వాడి చూసి, సరిపడినదానితో స్థిరపడండి. ఏ బ్లేడైనా అయిదు నుంచి ఏడు సార్లకు మించి వాడవద్దు. లాగినట్లు అనిపిస్తే అంతకు ముందే మార్చండి. ఈ బ్లేడ్లు కొద్ది రూపాయలకే దొరుకుతాయి. ఖరీదైన మొద్దు బ్లేడు కంటే చవకైన పదును బ్లేడు చర్మానికి మేలు.

పని అయ్యాక నీళ్లలో కడిగి, విదిలించి, పొడిగా ఉన్న చోట పెట్టండి. గుడ్డతో తుడవకండి, పదును పోతుంది, వేలు తెగుతుంది. పాత బ్లేడ్లను చెత్తలో అలాగే వేయకండి. చెత్త ఎత్తే మనిషి చేతులు తెగుతాయి. మూతకు సన్నని చీలిక పెట్టిన రేకు డబ్బా ఒకటి పెట్టుకుని అందులో వేయండి.

బ్రష్షు

బ్రష్షు రెండు పనులు చేస్తుంది. సబ్బును నురుగు చేస్తుంది, పడుకుని ఉన్న వెంట్రుకలను లేపి నిలబెడుతుంది. బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకల బ్రష్షు మెత్తగా ఉండి నీళ్లు బాగా పట్టుకుంటుంది, కానీ ఖరీదు. పంది వెంట్రుకలది గట్టిగా ఉంటుంది, వాడగా వాడగా మెత్తబడుతుంది. కృత్రిమ నారతో చేసినది చవక, త్వరగా ఆరుతుంది, శుభ్రంగా ఉంచుకోవడం తేలిక. పొక్కులు లేచే చర్మానికి, షుగరు ఉన్నవారికి మేము చెప్పేది ఈ కృత్రిమ బ్రష్షే.

బ్రష్షు శుభ్రత చిన్న విషయం కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సరిగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకల బ్రష్షుల వల్ల బ్రిటన్, అమెరికా సైనికులకు ఆంత్రాక్స్ సోకింది. ఇప్పుడు ఆ భయం లేకపోయినా, సబ్బు మడ్డితో రోజంతా తడిగా ఉండే బ్రష్షు సూక్ష్మజీవులకు మంచి చోటు. బాగా కడిగి, విదిలించి, గాలి తగిలే చోట ఆరనివ్వండి. ఒక మనిషికి ఒక బ్రష్షు, ఒక రేజరు. తండ్రీ కొడుకులైనా, అన్నదమ్ములైనా పంచుకోవద్దు.

సబ్బు, నీళ్లు

ఒంటి సబ్బు గడ్డానికి సరిపోదు. దాని నురుగు త్వరగా ఆరిపోతుంది, బ్లేడు పొడి చర్మం మీద గీరుకుంటుంది. గుండ్రటి షేవింగ్ సబ్బు చాలా నెలలు వస్తుంది. చేతులు నొప్పులున్నవారికి ట్యూబులో వచ్చే క్రీము సులువు. చర్మం పొడిబారేవారు గ్లిజరిన్ ఉన్నదీ, సున్నితమైన చర్మం ఉన్నవారు వాసన తక్కువగా ఉన్నదీ, చల్లగా మండే మెంథాల్ లేనిదీ చూసుకోండి. కొత్త సబ్బును ముందు మోచేతి లోపలివైపు రెండు రోజులు రాసి కడిగి చూడండి. దురద రాకపోతే ముఖానికి వాడండి.

అన్నిటికంటే ముఖ్యమైన సామాను నీళ్లు. ఎండిన వెంట్రుక గట్టిగా ఉంటుంది, తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది. గోరువెచ్చని నీళ్లతో రెండు మూడు నిమిషాలు తడపండి, లేదా స్నానం చేశాక గీసుకోండి.

పద్ధతి

రేజరు పిడిని చెంపకు దాదాపు 30 డిగ్రీల కోణంలో పట్టుకుని, వెంట్రుక పెరిగిన దిక్కుకే, చిన్న చిన్న గీతలుగా లాగండి. నొక్కకండి. మెడ మీద వెంట్రుక దిక్కు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది; ముందు వేలితో తడిమి చూసుకోండి. నున్నగా రావాలని ఎదురు దిక్కుకు గీయడమే చాలా పొక్కులకు కారణం. గడ్డం రోజుకు మిల్లీమీటరులో మూడో వంతు మాత్రమే పెరుగుతుంది. ఉద్యోగం ఒప్పుకుంటే రోజు విడిచి రోజు గీసుకోండి.

చిన్నగా తెగితే శుభ్రమైన గుడ్డతో అయిదు నిమిషాలు అదిమి పట్టండి. తడిపిన పటిక రాసినా రక్తం ఆగుతుంది. పటిక ముక్క కూడా ఎవరిది వారిదే. స్పిరిట్ ఎక్కువున్న లోషన్లు, నీళ్లు కలపని యాంటీసెప్టిక్ మందులు చర్మాన్ని కాలుస్తాయి. చన్నీళ్లతో కడిగి, వాసనలేని మాయిశ్చరైజరు రాస్తే చాలు. పొక్కులకు మందుల షాపులో ఏదో ఒక ట్యూబు అడిగి రాయకండి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట తగ్గినట్లుండి, తరువాత చర్మం పలుచబడి ఇంకా పాడవుతుంది.

వీరు మరింత జాగ్రత్త

షుగరు ఉన్నవారు: చిన్న గాటు కూడా చీము పట్టవచ్చు. పొక్కులున్న చోట బ్లేడు పెట్టకండి. ముక్కు, పై పెదవి చుట్టూ లేచిన గడ్డలను గిల్లకండి, పిండకండి.

రక్తం పలుచబడే మందులు వాడేవారు, కీమోథెరపీలో ఉన్నవారు, చేతులు వణికేవారు: బ్లేడు పక్కన పెట్టి కరెంటు షేవరు లేదా ట్రిమ్మరు వాడండి. గడ్డం కోసం మాత్రలు ఆపవద్దు.

ఆపరేషన్‌కు వచ్చేవారు: శుభ్రంగా ఉండాలని ఆపరేషన్ చేసే చోట ఇంట్లోనే బ్లేడుతో గీసుకుని రావద్దు. కంటికి కనిపించని గాట్ల నుంచి సూక్ష్మజీవులు లోపలికి వెళ్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలలో ఈ పనికి బ్లేడు వద్దని గట్టిగా చెప్పింది. అవసరమైతే ఆసుపత్రిలోనే క్లిప్పరుతో తీస్తారు.

మంచాన ఉన్న తండ్రికో, తాతకో గడ్డం చేసేవారు: తల కాస్త ఎత్తుగా పెట్టి, వెచ్చని తడి తువ్వాలు చెంపల మీద కాసేపు ఉంచి, చర్మాన్ని ఒక చేత్తో సాగదీసి పట్టుకుని మెల్లగా చేయండి. పక్షవాతం వచ్చిన వైపు స్పర్శ ఉండకపోవచ్చు. తెగినా ఆయన చెప్పలేరు, మీరే చూసుకోవాలి. గడ్డం చేసి అద్దం చూపిస్తే జబ్బు మనిషి ముఖంలో వచ్చే వెలుగు వార్డులో మేము చూస్తూనే ఉంటాము.

సెలూనుకు వెళ్లేవారికి

బ్లేడును సగానికి విరిచి కత్తిలో బిగించడం మన సెలూన్లలో అలవాటు. ఆ సగం బ్లేడు మీ కళ్లముందే కొత్త కాగితంలోంచి తీయాలి. మొహమాటపడకుండా, మర్యాదగా అడగండి: "అన్నా, కొత్త బ్లేడు వెయ్యి." శ్రద్ధగా పనిచేసే బార్బరు ఎవరూ దీనికి నొచ్చుకోరు. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. రక్తం కంటికి కనిపించకపోయినా సోకవచ్చు. దీనికి టీకా ఉంది. పెద్దవారికి మామూలుగా మూడు మోతాదులు: మొదటిది, నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది. హెపటైటిస్ సి కి టీకా లేదు, కాబట్టి కొత్త బ్లేడే రక్ష. అందరి ముఖాలకూ రాసే పటిక బిళ్లను, ఉతకని తువ్వాలును వద్దనండి.

చివరగా

ఆ పెద్దాయనకు మేము మూడు వారాలు బ్లేడు ఆపించాము. గడ్డం కత్తెరతో కత్తిరించుకోమన్నాము. పొక్కులకు మందు ఇచ్చి, షుగరును అదుపులోకి తెచ్చాము. నెల తరువాత నున్నటి ముఖంతో వచ్చారు. అటక మీది రేజరు దించి, వేడినీళ్లు సబ్బు పెట్టి కడిగి, కొత్త బ్లేడు వేసుకున్నారట. బ్రష్షు మాత్రం పాతది పారేసి కొత్తది కొన్నారు. "బ్లేడు వారానికొకటి మారుస్తున్నానండీ, మా ఆవిడ లెక్క పెడుతోంది" అన్నారు.

వచ్చే శనివారం సాయంత్రం మీ ఇంట్లో గడ్డం సామాను ఒకసారి బయటికి తీసి చూడండి. బ్లేడు ఎన్నాళ్లది? బ్రష్షు ఆరిందా? ఒకే రేజరు ఇద్దరు వాడుతున్నారా? ఈ మూడు ప్రశ్నలకు సరైన జవాబులుంటే సామాను ఖరీదు ఎంతైనా ఫరవాలేదు. పొక్కులు రెండు వారాల్లో తగ్గకపోయినా, చీము, జ్వరం, ముఖం వాపు కనిపించినా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించుకోండి.