తొలి ప్రతి - అచ్చు ప్రతి

పరిశోధనా వ్యాసము పత్రికలో అచ్చుపడకముందే లోకమునకు అందుట నేడు పరిపాటి. ఈ తొలి ప్రతిని ప్రీప్రింటు అందురు. నిపుణుల పరీక్షలో ఇది ఎట్లు మారునో ఒక ఉదాహరణము చూతము.

విశ్వము పుట్టిన తొలి క్షణములనాటి గురుత్వతరంగముల జాడ ప్రాచీన కాంతిలో కనబడినదని, దక్షిణధ్రువమందలి బైసెప్-2 దూరదర్శిని బృందము 2014 మార్చిలో తొలి ప్రతి వెలువరించెను. జూన్‌లో 'ఫిజికల్ రివ్యూ లెటర్స్' పత్రికలో అచ్చైన వ్యాసమున ముఖ్యమైన కొలత మారలేదు. కాని మన పాలపుంతలోని ధూళియే ఆ జాడకంతకును కారణము కావచ్చునను హెచ్చరిక చేరినది. నమ్మరాని ధూళి లెక్కయొకటి తొలగినది. 2015లో ప్లాంక్ ఉపగ్రహపు కొలతలతో కలిపి చూడగా ధూళి పాలు బయటపడెను; తరంగముల జాడ రుజువు కాలేదు.

శ్రోతలారా, పరీక్షకులు సత్యమును తేల్చలేదు. సందేహమునకు చోటు కల్పించిరి. కనుక తొలి ప్రతిని గూర్చి విన్నప్పుడు, అచ్చులో ఏమి చేరినదో, ఏమి తొలగినదో చూచుట మేలు.