మంచుశిల్పముల నగరమునకు యాత్ర

మన ఇండ్లలో మంచుగడ్డ యనగా వేసవినాడు పానకములోనో నిమ్మరసములోనో వేసికొను వస్తువు. చేత పట్టుకొని నాలుగడుగులు వేయునంతలో అది సగము కరగిపోవును. అట్టి దానితో కోట కట్టవచ్చునన్న ఊహ మనకు రాదు. కాని చీనాదేశమున ఈశాన్యపు కొనయందున్న హార్బిన్ నగరములో ప్రతి శీతకాలమునను మంచుగడ్డలతో కోటలు, గోపురములు, వంతెనలు, మెట్లు నిర్మింతురు. వాని గర్భమున రంగురంగుల దీపములు వెలిగింతురు. రెండు నెలలపాటు దేశదేశముల జనులు వచ్చి చూచి పోవుదురు. వసంతము రాగానే అంతయు నీరగును.

ఈ ఉత్సవమును చూచి రాదలచిన కుటుంబము మొదట ఒక్క సంగతి గ్రహింపవలెను. మనలను అక్కడ బాధించు చలియే ఆ శిల్పములను నిలువబెట్టుచున్నది. చలి తగ్గినచో శిల్పము లేదు. చలి ఉన్నచో మన దేహమునకు రక్షణ కావలెను. ఎప్పుడు పోవలెను, ఎవరిని వెంట తీసికొనిపోవలెను, ఏమి ధరింపవలెను, ఎంతసేపు బయట నుండవలెను అను ప్రశ్నలన్నిటికిని సమాధానము ఇందే కలదు.

హార్బిన్‌లో ఇంత చలి యెందులకు? ఆ నగరము భూమధ్యరేఖకును ఉత్తరధ్రువమునకును ఇంచుమించు నట్టనడుమ నున్నది. ఇటలీదేశపు వెనిస్ నగరము కూడ దాదాపు అదే అక్షాంశముపై నున్నది. కాని అక్కడి కాలువలు ఏటేటా గడ్డకట్టవు. వెనిస్‌ను సముద్రము వెచ్చగా నుంచుచుండగా, హార్బిన్‌పైకి సైబీరియా మైదానముల నుండి పొడిగాలి అడ్డులేక వచ్చి పడును. అందుచేత జనవరి మాసమున అక్కడి సగటు ఉష్ణోగ్రత సున్నకు దిగువ 18 డిగ్రీల సెంటిగ్రేడు వరకుండును. రాత్రులందు అది 25 డిగ్రీల దిగువకును, ఒక్కొక్కప్పుడు 30 డిగ్రీల దిగువకును పోవును. మన మన్యములోని లంబసింగిలో ఉష్ణోగ్రత సున్న దరిదాపులకు వచ్చినచో దానిని చూచుటకే జనులు వేకువజామున పోవుదురు. హార్బిన్ చలి అక్కడ మొదలై ఇంకను చాలదూరము క్రిందికి దిగును.

ఈ చలిని వినోదముగా మార్చుకొనుట ఆ ప్రాంతపు సామాన్యులు కనిపెట్టిన ఉపాయమే. పూర్వము జాలరులు బొక్కెనతో నీరు నింపి బయట నుంచెడివారు. అంచులు గడ్డకట్టి నడుమ నీరు మిగిలియుండగానే ఆ నీటిని పారబోసి, ఏర్పడిన గుల్లలో దీపము నుంచెడివారు. గాలికి ఆరిపోని మంచులాంతరు సిద్ధమగును. ఈ లాంతరులతోనే 1963వ సంవత్సరమున హార్బిన్‌లోని ఝావోలిన్ ఉద్యానమున తొలి ప్రదర్శనము జరిగినది. సాంస్కృతిక విప్లవకాలమున అది ఆగిపోయి, తరువాత మరల ప్రారంభమైనది. 1985 జనవరి 5వ తేదీన నేటి ఉత్సవమునకు అంకురార్పణ జరిగినది. 1999 చివర ‘మంచు–హిమ ప్రపంచము’ అను విశాలమైన ఆవరణము ఏర్పడినది. 2024లో దాని వైశాల్యము 8 లక్షల చదరపు మీటర్లకు మించినది. అనగా మన లెక్కలో సుమారు 200 ఎకరములు.

శిల్పములకు కావలసిన గడ్డ నగరము ప్రక్కనే పారు సొంగ్హువా నదినుండి వచ్చును. నీరు 4 డిగ్రీలవద్ద అన్నిటికన్న బరువుగా నుండును. అంతకన్న చల్లబడిన నీరు తేలికపడి పైననే నిలుచును. అందుచేత నది అడుగునుండి గాక పైనుండి గడ్డకట్టును. డిసెంబరు నాటికి ఆ పొర అడుగునకు పైగా మందమగును. పనివారు రంపములతో దానిని దిమ్మెలుగా కోసి ఒడ్డునకు లాగుదురు. ప్రవహించు నీరు నెమ్మదిగా గడ్డకట్టునపుడు అందలి గాలియు మలినములును చాలవరకు బయటికి నెట్టబడును. కనుకనే ఆ దిమ్మెలు గాజువలె స్వచ్ఛముగా నుండి, మందమైన చోట లేత నీలిరంగు చూపును. ఒక దిమ్మెపై మరియొక దిమ్మె నిలుపుటకు సున్నమక్కరలేదు, సిమెంటక్కరలేదు. నడుమ నీరు పోసిన చాలును. అది గడ్డకట్టి రెంటిని ఏకము చేయును. అక్కడ నీరే రాయి, నీరే అడుసు.

హిమముతో చేయు శిల్పములు వేరు. అవి తెల్లగా, సుద్దరాతివలె నుండి పగటివెలుగులో శోభించును. వీనిని నదికి ఉత్తరపుటొడ్డున సూర్యద్వీపమను చోట చూడవచ్చును. మంచుగడ్డల నగరమునకు మాత్రము రాత్రియే అందము. జనవరి మొదట హార్బిన్‌లో సాయంకాలము 4 గంటలకే సూర్యుడు అస్తమించును. కనుక మధ్యాహ్నము హిమశిల్పములను చూచి, కొంతసేపు వెచ్చని గదిలో విశ్రమించి, చీకటిపడువేళకు మంచునగరము ప్రవేశించుట మేలైన క్రమము. ఈ రెండు ప్రదేశములును నదికి ఒకే వైపున నుండుట యాత్రికునకు సౌకర్యము.

ఇక ఎప్పుడు పోవలెను? ఉత్సవము జనవరి 5న లాంఛనముగా ప్రారంభమగును. ఆవరణము సాధారణముగా డిసెంబరులోనే తెరవబడును. ముగింపుదినము మాత్రము వాతావరణము చేతిలో నున్నది. ఫిబ్రవరి చివర ఎండ హెచ్చగానే అంచులు కరగి రూపములు మొద్దుబారును. మన సెలవులు అప్పుడు దొరకినవని ఆ దినములలో బయలుదేరినవారు అంత ధనము వెచ్చించి కరగిన బొమ్మలను చూచి రావలసివచ్చును. చీనావారి నూతన సంవత్సరాది జనవరి 21కిని ఫిబ్రవరి 20కిని నడుమ వచ్చును. ఆ వారమున రైళ్లు, బసలు క్రిక్కిరిసియుండును. జనవరి రెండవ, మూడవ వారములు, పండుగ వానిలో పడనిచో, అన్నివిధముల శ్రేష్ఠము. ప్రారంభదినపు ఆకర్షణకు లోబడరాదు. 2023 డిసెంబరు 18న ఆవరణము తెరచినప్పుడు జనసమ్మర్దము హెచ్చి, గంటలకొలది వరుసలలో నిలిచిన సందర్శకులు టిక్కెట్టు సొమ్ము తిరిగి ఇమ్మని కేకలు వేసిరి. సున్నకు దిగువ 20 డిగ్రీలలో రెండు గంటలు కదలక నిలుచుట సామాన్యమైన విషయము కాదు.

దుస్తుల విషయమున మనము అలవాటు మార్చుకొనవలెను. మన నూలుబట్ట చెమటను పీల్చి చల్లబరచును; ఎండకాలమున ఉపకారమైన ఆ గుణమే అక్కడ అపకారమగును. ఒంటికి తగిలియుండు బట్ట పలుచని ఉన్నిదై యుండవలెను. దానిపై మందపు ఉన్ని, అన్నిటికిని పైన గాలి చొరని కోటు ధరింపవలెను. ఒక్క బరువైన వస్త్రముకన్న మూడు తేలికవస్త్రములు మేలు. వాని నడుమ నిలిచిన గాలియే మనకు కవచము. స్త్రీలు కోటు క్రింద చీరెకు బదులు కాళ్లను పూర్తిగా కప్పు ఉన్ని వస్త్రములు ధరించుట క్షేమము. బూటు బిగువుగా నుండరాదు. బిగిసినచో రక్తము ఆడక వ్రేళ్లు ముందుగా చల్లబడును. వ్రేలికొక గది యున్న తొడుగుకన్న నాలుగు వ్రేళ్లను ఒకచోట కలిపి యుంచు తొడుగు వెచ్చన. చెవులు, ముక్కు మరువరాదు.

గాలి వీచునపుడు చలి మరింత హెచ్చును. సున్నకు దిగువ 20 డిగ్రీలున్నప్పుడు గంటకు 20 కిలోమీటర్ల వేగముతో గాలి వీచినచో, కప్పుకొనని చర్మమునకు అది 30 డిగ్రీల దిగువవలె తోచును. కాబట్టి ఉష్ణోగ్రత నొక్కదానినే గాక గాలివేగమును గూడ ప్రతి ఉదయము విచారింపవలెను.

వృద్ధులను, పసిపిల్లలను తీసికొనిపోవచ్చునా యని అడుగువారు కలరు. ఇది మొగమాటముతో తేల్చుకొనదగిన ప్రశ్న కాదు. గుండెజబ్బు, ఉబ్బసము, మధుమేహము ఉన్నవారు వైద్యుని అడుగకుండ టిక్కెట్టు కొనరాదు. చలిలో రక్తనాళములు ముడుచుకొని గుండెకు శ్రమ హెచ్చును; చల్లనిగాలి ఉబ్బసమును రేపును; మధుమేహమున పాదములకు స్పర్శ తగ్గి అపాయము తెలియకపోవును. వైద్యుడు వద్దన్నచో ఆ మాటకు కట్టుబడుటయే పెద్దల యెడల ప్రేమ. ఆరోగ్యముగా నున్న పెద్దలు పోవచ్చును. కాని అరగంట బయట, అరగంట లోపల అను నియమమును కుటుంబమంతయు పాటింపవలెను. “ఇంకొక్క కోట చూచి పోదము” అను మాటయే ప్రమాదమునకు మొదటిమెట్టు. పసివారు చలివేయుచున్నదని చెప్పలేరు గనుక వారి బుగ్గలు, వ్రేళ్లు మాటిమాటికి చూచుచుండవలెను.

చర్మము తెల్లబడి, గట్టిపడి, స్పర్శ తెలియకపోయినచో అది చలికాటు. అప్పుడు దానిని రుద్దరాదు, మంటకు చూపరాదు, స్పర్శలేని చర్మము కాలినను తెలియదు. వెంటనే లోపలికి పోయి గోరువెచ్చని నీటిలో నుంచి వైద్యుని పిలువవలెను. మద్యము వెచ్చదనము నిచ్చునను నమ్మకము తప్పు. అది చర్మమునకు రక్తమును పంపి వెచ్చగా తోపించును గాని లోపలి వేడిని బయటికి పోగొట్టును.

ప్రయాణపు వివరములు కొన్ని. చీనాకు వీసా ముందుగానే సంపాదింపవలెను. పెకింగు, అనగా నేటి బీజింగ్, నుండి 2021లో పూర్తియైన శీఘ్రరైలు మార్గమున హార్బిన్ సుమారు 5 గంటల ప్రయాణము. అక్కడి గడియారము మనకన్న రెండున్నర గంటలు ముందు. బస పేరు, చిరునామా చీనాలిపిలో కాగితముపై వ్రాయించి ప్రతివారి జేబులోను ఉంచవలెను. ఏలయన చలికి సెల్‌ఫోను బ్యాటరీ హఠాత్తుగా నీరసించును. దానిని లోపలి జేబులో ఒంటి వేడికి దగ్గరగా ఉంచుకొనుట మంచిది. శాకాహారులు ‘దీసాన్‌షియాన్’ అను వంటకమును అడుగవచ్చును. బంగాళాదుంప, వంకాయ, బుట్టమిరప కలిపి వేయించు కూర యది. అయినను మాంసపురసము చేర్చవలదని ముందుగా చెప్పించుకొనవలెను.

నగరమున కనీసము మూడు రాత్రులుండుట యుక్తము. ఒకనాడు గాలి హెచ్చినచో బయటికి పోక, మరునాటివరకు ఆగుటకు అవకాశముండవలెను. ఒక్క సాయంకాలముపైననే ఆశయంతయు పెట్టుకొన్నవారు గాలికి వెరవక బయలుదేరి చిక్కుపడుదురు. మిగిలిన పగటివేళ రాతిపలకలు పరచిన మధ్యవీథిలో నడచి, రష్యనులు కట్టిన సెయింట్ సోఫియా దేవాలయమును చూడవచ్చును. ఆ వీథిలో అంత చలిలోను జనులు నిలుచుండి పుల్లఐసు తినుచుండుట మనకు విడ్డూరముగా తోచును.

మనము మట్టితో వినాయకుని చేసి, పూజించి, నీట కలుపుదుము. నిలువదని తెలిసియే ఆ రూపమును శ్రద్ధతో తీర్చుదుము. హార్బిన్ శిల్పులును నదినుండి తెచ్చిన గడ్డను అంతే శ్రద్ధతో చెక్కుదురు. వారి పని నిలుచునది కొన్ని వారములే. ఆ వారములను ఎరిగి, ఇంటి పెద్దలతోను వైద్యునితోను ముందుగా ఆలోచించుకొని, చలికి తగిన మర్యాద చేసి పోయినవారు ఆ వెలుగుకోటలను కన్నులార చూచి, పది వ్రేళ్లతో సుఖముగా ఇల్లు చేరుదురు.