తాగుడు వెనకున్న దాహం ఏమిటి?

వాడలో ఒక మనిషి తాగి పడిపోతే ఊరు అనే మాట ఒకటే: "వాళ్లంతే." కాస్త దయ ఉన్నవాళ్లు "మనసు గట్టి చేసుకోరాదా" అంటారు. మొదటి మాట కులాన్ని నిందిస్తుంది, రెండోది మనిషిని నిందిస్తుంది. అసలు ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు: ఈ తాగుడు దేన్ని వెతుక్కుంటోంది?

ఆ ప్రశ్నతోనే మొదలయ్యే చికిత్సా పద్ధతి ఒకటుంది. అదే డెప్త్ సైకాలజీ, అంటే మనసు లోతుల్ని పట్టించుకునే మనస్తత్వశాస్త్రం.

యుంగ్ ఏమన్నాడు?

స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యుంగ్ దగ్గర చికిత్స పొందిన ఒక అమెరికన్ మళ్లీ తాగుడులో పడ్డాడు. ఇక వైద్యం చేయగలిగింది లేదని, మనిషిని లోపల నుంచి మార్చే అనుభవం ఒక్కటే దారని యుంగ్ అతనికి చెప్పాడు. ఆ మాట ఆ నోటా ఈ నోటా బిల్ విల్సన్‌కు చేరింది. విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ కలిసి 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో ఆల్కహాలిక్స్ అనానిమస్ ప్రారంభించారు.

1961 జనవరిలో యుంగ్ విల్సన్‌కు ఒక ఉత్తరం రాశాడు. మద్యం కోసం పడే తపన నిజానికి సంపూర్ణత కోసం మనిషి పడే దాహమేనని దాని సారాంశం. అందులోనే మనకు మరింత పనికొచ్చే మాట ఇంకోటి ఉంది. సమాజంలో ఒంటరైపోయిన మామూలు మనిషి ఈ చెడును ఎదిరించలేడు, అతనికి తోటి మనుషులే రక్షణ గోడ కావాలి.

ఈ పద్ధతిలో కౌన్సెలర్ "ఎన్ని పెగ్గులు?" దగ్గర ఆగడు. మొదటిసారి ఎప్పుడు తాగావు, ఏం జరిగాక తాగావు, మత్తులో ఏది మర్చిపోగలుగుతున్నావు అని అడుగుతాడు. దాచుకున్న అవమానం, ఏడవని దుఃఖం, పదేపదే వచ్చే కల, అన్నిటికీ మాట దొరికేలా చూస్తాడు.

'ఆత్మ' అంటే మనకు అభ్యంతరమే కదా?

నిజమే. బాబాసాహెబ్ స్వీకరించిన బౌద్ధం నిత్యమైన ఆత్మను ఒప్పుకోదు. పునర్జన్మ, కర్మ పేరుతో ఆత్మను అడ్డం పెట్టే కులాన్ని సమర్థించారు. కానీ ఇక్కడ ఆత్మ అంటే వేదాంతుల ఆత్మ కాదు. మనిషి తన బతుకులో వెతుక్కునే అర్థం, గౌరవం, లోపలి జీవితం.

గాయం లోపలిదేనా?

యుంగ్‌ను కూడా మనం ప్రశ్నించాలి. ఆఫ్రికా ప్రజల గురించి ఆయన రాతల్లో వలసవాద చిన్నచూపు ఉంది. అల్జీరియాలో మానసిక వైద్యుడిగా పనిచేసిన ఫ్రాంజ్ ఫానన్, నల్లవాడి న్యూనతాభావం అతని లోపల పుట్టింది కాదని, సమాజమే దాన్ని నాటిందని 1952లోనే రాశాడు. కులం విషయంలోనూ అంతే. మ్యాన్‌హోల్‌లోకి దిగే ముందు కంపు భరించడానికి తాగే కార్మికుణ్ని చిన్ననాటి జ్ఞాపకాల గురించే అడిగితే సరిపోదు. అతన్ని అందులోకి దింపినవాళ్లనూ అడగాలి.

మన చరిత్రలో దారి

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేడ్కర్ లక్షలాది మందితో చేయించిన ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్నది ఒకటి. దాన్ని ఒక్కో మనిషి మీద విడిగా మోపలేదు. కొత్త గుర్తింపు, కొత్త ధర్మం, కొత్త సమూహంతో కలిపి ఇచ్చాడు. యుంగ్ చెప్పిన లోపలి మార్పు, మనుషుల గోడ రెండూ అక్కడ ఉన్నాయి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమంలో దళిత, బహుజన మహిళలు ముందు నిలిచారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం సాధించారు. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. సీసాను ఆపడం అవసరం, కానీ దాహాన్ని పట్టించుకోకపోతే సీసా మళ్లీ వస్తుంది.

మనం చేయగలిగింది

ఏళ్ల తరబడి బాగా తాగినవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి ముందు డాక్టర్ పర్యవేక్షణ కావాలి. కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416.

ఆ తర్వాతి పని మనది. అంబేడ్కర్ భవనంలోనో, హాస్టల్ గదిలోనో వారానికి ఒక సాయంత్రం కూర్చుందాం. తాగినవాడు సిగ్గుపడకుండా తన కథ చెప్పుకునే చోటు అది కావాలి. భార్య, తల్లి పడిన దెబ్బల కథకూ అక్కడ అంతే చోటుండాలి. గాయం కారణం కావచ్చు గానీ, ఇంట్లో కొట్టడానికి అది హక్కు కాదు.

"మనసు గట్టి చేసుకో" అనడం మానేసి, "ఏమైంది, చెప్పు" అని అడుగుదాం.