మణికట్టు మీద గుండె లెక్క

ఈ మధ్య పెళ్ళిళ్ళలోను, సంఘ సమావేశాలలోను చూస్తే అరవై దాటిన పెద్దల చేతికి కూడ నల్లటి అద్దపు గడియారం కనబడుతున్నది. చాలా వరకు దూరాన ఉన్న పిల్లలు పంపినదే. మేమిక్కడ కన్నడంలోను, తెలుగులోను దానిని గడియారమనే అంటాము గాని, వేళ చూపడం దానికి చిన్న పని. అది నాడి చూస్తుంది. కొన్నయితే గుండె గీత కూడ గీస్తాయి. దానిని ఎంతవరకు నమ్మవచ్చునన్నది ప్రతి ఇంటికీ కావలసిన సంగతి.

గుండె కొట్టుకున్నప్పుడల్లా స్వల్పమైన విద్యుత్తు పుట్టి చర్మం దాకా వస్తుంది. హాలెండు దేశంలోని లైడెన్ నగరంలో ఐంథోవెన్ అనే ఆచార్యుడు 1903 ప్రాంతంలో దానిని స్పష్టమైన గీతగా గీయించాడు. ఆ యంత్రం బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు కావలసి వచ్చేది. రోగి రెండు చేతులూ, ఒక కాలూ ఉప్పునీటి తొట్లలో ముంచి కూర్చోవాలి! ఈ పనికే ఆయనకు 1924లో నోబెల్ బహుమానం వచ్చింది.

అయితే గుండె ఎప్పుడు తప్పటడుగు వేస్తుందో ఎవరికి తెలుసు? ఆసుపత్రి బల్లమీద పడుకున్న కాసేపట్లో అది బుద్ధిగానే ఉండవచ్చు. అందుకని అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో హోల్టర్ అనే శాస్త్రజ్ఞుడు, నడుస్తూ తిరుగుతూ ఉండగా గుండెను కనిపెట్టే యంత్రాన్ని 1940ల చివర తయారుచేశాడు. దాని బరువు 38 కిలోలు; వీపున మోయాలి. ఇప్పుడు డాక్టర్లు ఒక రోజంతా ఉంచుకోమని కట్టి పంపే చిన్న డబ్బాకు ఆయన పేరే నిలిచింది.

గడియారం చేసే పనులు రెండు. అడుగున ఆకుపచ్చ దీపం వెలుగుతూ ఉంటుంది. నెత్తురు ఆ వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో నెత్తురు పెరిగి, తిరిగివచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులే నాడి. రెండవది గీత. గడియారం ఒక చేతికి తగిలి ఉండగా రెండవ చేతి వేలు దాని మరమీద 30 సెకండ్లు ఆనించాలి. ఐంథోవెన్ రెండు చేతుల నడుమ తీసిన గీతా ఇదే. ఉప్పునీటి తొట్లు పోయినవి, అంతే.

దీనివల్ల నిజమైన లాభమున్నది. గుండె పైగదులు లయ తప్పి అదిరే జబ్బొకటి వస్తూ పోతూ ఉంటుంది. చాలామందికి తెలియనే తెలియదు. లోపల నెత్తురు గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతం. అమెరికాలో 4,19,297 మంది గడియారాలను పరీక్షించి 2019లో లెక్కలు ప్రకటించారు. నాడి సరిగాలేదని హెచ్చరిక వచ్చినది 2,161 మందికి. వారిలో తరువాత ఛాతీకి అంటించే పట్టీతో సరిచూసిన 450 మందిలో నూటికి 34 మందికి ఆ జబ్బు కనబడింది. మిగతా వారిదంతా పొరపాటనడానికి వీలులేదు. ఆ రోజులలో జబ్బు దాగి ఉండవచ్చు.

ఇక ప్రమాదం. మా ఆఫీసులో రిటైరు కాబోతున్న ఒక పెద్దాయనకు నిరుడు మెట్లెక్కుతుండగా ఛాతీ బరువెక్కి చెమటలు పోశాయి. గడియారం మీద వేలు పెట్టి చూసుకున్నారు. లయ సరిగానే ఉన్నదని వచ్చింది. సరే గదా అని సాయంత్రం దాకా ఫైళ్ళ ముందే కూర్చున్నారు. రాత్రి కోడలు పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకుపోతే, గుండె రక్తనాళం మూసుకుపోయినదని తేలింది. బ్రతికారు గాని, ఆలస్యంవల్ల గుండె కండరం కొంత చచ్చిపోయింది.

గడియారం అబద్ధం చెప్పలేదు. లయ నిజంగానే సరిగా ఉన్నది. ఆయన అడిగినదొకటి, అది చెప్పినదొకటి! ఆసుపత్రిలో పది తీగలు తగిలించి పన్నెండు వైపులనుండి చూస్తారు. అప్పటికీ అనుమానముంటే రక్తపరీక్ష చేస్తారు. ఒక్క కిటికీలోనుండి చూసేదానికి ఇల్లంతా ఎలా కనబడుతుంది? ఇది గుండెపోటును కనిపెట్టలేదని తయారుచేసినవారే వ్రాసి ఇస్తారు. మన పెద్దలు చదవరు, పిల్లలు చెప్పరు.

సూది గుచ్చకుండానే రక్తంలో చక్కెర చూపుతామని అమ్మే గడియారాల జోలికి అసలే పోరాదు. అటువంటి దానిని దేనినీ తాము ఆమోదించలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకె చూసి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఛాతీలో బరువు, చేతికో దవడకో ప్రాకే నొప్పి, చల్లని చెమట, ఆయాసం - వీటిలో ఏది వచ్చినా గడియారం ఏమన్నదని చూడక 108కి ఫోను చేయాలి. చక్కెర జబ్బున్నవారికి నొప్పి తెలియకుండానే గుండెపోటు రావచ్చు గనుక వారు మరీ జాగ్రత్తగా ఉండాలి. గడియారం గీసిన గీతలను ఫోనులోనుండి అచ్చు వేయించి డాక్టరుకు చూపవచ్చు; తేదీ, వేళ దానిమీదనే ఉంటాయి.