సమాజశాస్త్ర పరిచయం – అలంపూర్ నుండి ఒక పాఠం

సంఘ కాపరికి సమాజశాస్త్రం ఎందుకు? సేవకు సిద్ధపడుతున్న విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. మనుష్యులు కలిసి జీవించే తీరును, వారిని కలిపే, విడదీసే కులం, కుటుంబం, మతం, జీవనోపాధి మొదలగువాటిని క్రమబద్ధంగా పరిశీలించేదే సమాజశాస్త్రం. 19వ శతాబ్దంలో ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కామ్టే దీనికి పేరు పెట్టాడు. 1897లో ఎమిల్ డర్క్‌హైమ్ ఆత్మహత్యలపై గ్రంథం ప్రచురించి, పూర్తిగా వ్యక్తిగతమని తోచే చర్యకు కూడ సామాజిక కారణాలుంటాయని చూపాడు. ఈ శాస్త్రంలో మొదటి పాఠం ఇదే.

జోగులాంబ గద్వాల జిల్లాలోని అలంపూర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అక్కడి నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలం నాటివి. కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడ ఇప్పుడు అక్కడే ఉన్నది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా దానిని విప్పి, రాళ్ళు తరలించి తిరిగి కట్టారు. చరిత్ర విద్యార్థి ఆ శిల్పాన్ని చూస్తాడు. సమాజశాస్త్ర విద్యార్థి మరొక ప్రశ్న అడుగుతాడు: రాళ్ళు చేరుకున్నాయి, మనుష్యులు ఎక్కడికి చేరారు? ఆ జలాశయం వలన వందకు పైగా గ్రామాలు మునిగాయి. పొలం ఉన్నవానికి పరిహారం లెక్క కట్టవచ్చు. పొలం లేని కూలి పోగొట్టుకున్న పని, అప్పు పుట్టే చోటు, ఇరుగుపొరుగు ఏ లెక్కలోనికి వస్తాయి?

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుండి వలస వెళ్ళిన కూలీలకు ‘పాలమూరు లేబర్’ అనే పేరు స్థిరపడింది. మేస్త్రీ వద్ద అడ్వాన్సు తీసుకొని దూరపు ప్రాజెక్టు పనులకు వెళ్ళేవారు. ఆరాధనలో చోటు ఖాళీగా కనబడినప్పుడు, విశ్వాసం చల్లారిందని మనం మందలించడం సులభం. బాకీ తీరేవరకు తిరిగి రాలేనివానికి ఆ మందలింపు అన్యాయమే.

తెలుగు సంఘాలపై ఇట్టి పరిశీలన లేకపోలేదు. పి.వై. లూక్, జాన్ బి. కార్మన్ మెదక్ ప్రాంతపు గ్రామ సంఘాలను పరిశీలించి 1968లో గ్రంథం వెలువరించారు. విశ్వాసుల దైనందిన జీవితం చుట్టూ ఉన్న సంస్కృతితో ఎలా ముడిపడి ఉన్నదో అందులో వివరించారు.

సమాజశాస్త్రం వేదాంతానికి ప్రత్యామ్నాయం కాదు. అది దేవుని గూర్చి తీర్పు చెప్పదు. మన ఎదుట కూర్చున్నవారిని గూర్చి మన తొందరపాటు తీర్పును ఆపుతుంది. కాబట్టి విద్యార్థులు తాము సేవ చేసే ఊరి పటం గీయాలి. ఏ కులం ఏ వాడలో ఉన్నది, భూమి ఎవరిది, నీళ్ళు ఎవరికి అందుతున్నాయి, ఏ నెలలో ఎవరు ఊరిలో ఉండరు అని వ్రాసుకోవాలి. ప్రసంగం సిద్ధపరచడం ఆ తరువాతి పని.