కండువా మారినా వార్డు మారదు

ఆంధ్రప్రదేశ్‌లో 2021లో మనం ఎన్నుకున్న పంచాయతీ, మున్సిపల్ పాలకవర్గాల ఐదేళ్ల గడువు 2026తో తీరిపోతోంది. ఎవరు నిలబడతారు, ఏ పార్టీ గెలుస్తుంది అన్న మాటలు ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలో కూడా వినబడుతున్నాయి. అయితే గత ఎన్నికల్లో ఒక పార్టీ గెలిచిన పట్టణాలు కొన్ని ఆ తర్వాత వేరే పార్టీ చేతికి వెళ్లాయి. మధ్యలో ఓటర్లను ఎవరూ అడగలేదు. మరి అధికారం ఎలా చేతులు మారింది? మనం వేసిన ఓటు ఏమైంది? ఇది తెలుసుకుంటే ఈసారి ఓటు ఎలా వేయాలో కొంత స్పష్టమవుతుంది.

ఏం జరిగింది?

2021 మార్చి 10న మున్సిపల్ పోలింగ్ జరిగింది. అప్పుడు రాష్ట్రంలో అధికారంలో ఉన్న వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ దాదాపు అన్ని పట్టణాలనూ గెలుచుకుంది. విశాఖపట్నంలో 98 వార్డులకు 58 ఆ పార్టీకి, 30 తెలుగుదేశానికి దక్కాయి. 2024 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం మారింది. శాసనసభలో 175 స్థానాలకు 164 తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి వచ్చాయి. ఆ తర్వాత కార్పొరేటర్ల వలస మొదలైంది. 2025 ఏప్రిల్ 19న విశాఖ మేయర్‌పై అవిశ్వాస తీర్మానం 74 ఓట్లతో నెగ్గింది. మొత్తం సభ్యులు 111 మంది. అందులో మూడింట రెండు వంతులంటే సరిగ్గా 74. ఒక్క ఓటు తగ్గినా తీర్మానం వీగిపోయేది. అదే నెల 28న తెలుగుదేశం మేయర్ వచ్చారు. గుంటూరులో మేయర్ రాజీనామా చేయగా అక్కడా అదే రోజు కొత్త మేయర్ ఎన్నికయ్యారు.

ఇది ఒక పార్టీకో ఒక రాష్ట్రానికో చెందిన జబ్బు కాదు. తెలంగాణలో 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక అక్కడి మున్సిపాలిటీల్లోనూ అవిశ్వాసాలు వరుసగా వచ్చాయి. 2024 మార్చిలో హైదరాబాద్ మేయర్ బీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్‌లో చేరారు. పైన ఏ జెండా ఎగిరితే కింద ఆ కండువాలే కనబడటం మనకు అలవాటైపోయింది.

చట్టంలో ఉన్న దారులు

మనం పట్టణంలో ఓటు వేసేది కార్పొరేటరుకో కౌన్సిలరుకో మాత్రమే. మేయర్‌ను, చైర్మన్‌ను ఎన్నుకునేది వాళ్లు. 2002లో హైదరాబాద్ మేయర్‌ను ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు, ఇప్పుడు ఆ పద్ధతి లేదు. పైగా స్థానిక ఎమ్మెల్యే, ఎంపీ వంటివారికి ఎక్స్ అఫీషియో సభ్యులుగా ఓటు ఉంటుంది. 2021లో కడప జిల్లా మైదుకూరులో తెలుగుదేశానికి 12 వార్డులు, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11 వచ్చాయి. చైర్మన్ పదవి మాత్రం వైఎస్సార్ కాంగ్రెస్‌కే వెళ్లింది. కాబట్టి శాసనసభ ఎన్నికల్లో గాలి మారితే మున్సిపల్ హాలులో లెక్క కూడా కొంత దానంతట అదే మారిపోతుంది.

ఎమ్మెల్యేలు, ఎంపీలు పార్టీ ఫిరాయిస్తే రాజ్యాంగంలోని పదో షెడ్యూలు వర్తిస్తుంది. అది పార్లమెంటుకు, శాసనసభలకే గాని మున్సిపాలిటీలకు కాదు. మేయర్, చైర్మన్ ఎన్నిక వంటి సందర్భాల్లో పార్టీ విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వం పోయేలా రాష్ట్ర చట్టంలో నిబంధన ఉంది. మామూలు రోజుల్లో కండువా మార్చుకుంటే అడిగేవారు తక్కువ.

పల్లెల సంగతి వేరు. సర్పంచ్‌ను ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు. అది పార్టీ గుర్తులు లేని ఎన్నిక. అయినా గెలిచిన మరునాడే సర్పంచులు ఏదో ఒక కండువా కప్పుకుని ఫోటో దిగడం మనం చూస్తూనే ఉన్నాం. మండల పరిషత్ అధ్యక్షుణ్ణి మాత్రం ఎంపీటీసీ సభ్యులు ఎన్నుకుంటారు కాబట్టి అక్కడ పట్టణాల్లో లాంటి బేరాలకు దారి ఉంది.

గోడ ఎందుకు దూకుతారు?

అందరూ డబ్బుకే దూకుతారనడం న్యాయం కాదు. మున్సిపల్ కమిషనరును నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. నిధులు చాలామటుకు పైనుంచే రావాలి. ప్రతిపక్షంలో ఉంటే తన వార్డుకు మురుగు కాలువ మంజూరు కాదని కౌన్సిలరు భయపడతాడు. ఆ భయం ఉన్నంతకాలం గోడలు దూకుతూనే ఉంటారు. స్థానిక సంస్థలకు సొంత ఆదాయం, సొంత అధికారం పెరగనిదే ఈ జబ్బు కుదరదని మేము భావిస్తున్నాం.

అలాగని అసలు ఎన్నికలే వద్దనుకుంటే ఇంకా నష్టం. గడువు ముగిసేలోపే కొత్త పాలకవర్గాన్ని ఎన్నుకోవాలని రాజ్యాంగం చెబుతోంది. కాని 2018 ఆగస్టులో గడువు తీరిన ఆంధ్ర పంచాయతీలకు 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలు జరగలేదు. తెలంగాణ పంచాయతీలు 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులకూ చిక్కు వస్తుంది. వీధి దీపం వెలగకపోతే తలుపు తట్టడానికి ఊళ్లో ఒక మనిషి ఉండడు.

సంఘాలు గమనించవలసినవి

మొదటిది, ఓటు హక్కు. స్థానిక ఎన్నికల జాబితాను శాసనసభ ఓటర్ల జాబితా నుంచే తయారుచేస్తారు. అక్కడ పేరు లేనివారికి ఇక్కడా ఉండదు. వార్డుల హద్దులు మారి ఉండవచ్చు కాబట్టి మీ ఇంటి వార్డు నంబరు ముందే చూసుకోండి. కొత్తగా 18 ఏళ్లు నిండిన మన యౌవనస్థుల పేర్లు చేర్చారా అని సంఘ పెద్దలు విచారించాలి.

రెండోది, పోటీ. 21 ఏళ్లు నిండినవారు పోటీ చేయవచ్చు. ఆంధ్రలో సగం స్థానాలు స్త్రీలవి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే పరిమితం. క్రైస్తవులైన దళితులు మన రాష్ట్రాల్లో బీసీ-సీ గ్రూపులో ఉన్నారు. ఎస్టీలకు మతంతో నిమిత్తం లేదు. ఈ నియమం న్యాయమా కాదా అన్న చర్చ వేరు. ప్రస్తుతం చట్టం ఇదే కాబట్టి నామినేషన్ వేయదలచినవారు తమ ధ్రువపత్రాన్ని ముందే సరిచూసుకోవాలి. గెలిచాక కోర్టుకెక్కితే అభ్యర్థితోపాటు ఓటేసిన ఊరూ నష్టపోతుంది.

మూడోది, మన మందిరం. ప్రార్థనా స్థలాలను ఎన్నికల ప్రచారానికి వాడరాదని ఎన్నికల నియమావళి చెబుతోంది. 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం కూడా రాజకీయ కార్యకలాపాలకు మత స్థలాలను వాడరాదంటోంది. అభ్యర్థి ఆరాధనకు వస్తే అందరితోపాటు కూర్చోనిద్దాం. ప్రసంగ వేదిక మీదికి పిలిచి శాలువా కప్పనవసరం లేదు. ఒకే సంఘంలో అన్ని పార్టీల వారూ ఉంటారు. దైవజనులు ఒక అభ్యర్థి పేరు పలికితే మిగిలినవారు తమ సొంత మందిరంలోనే పరాయివారవుతారు. మైకు సెట్టుకో ప్రహరీ గోడకో ఆశపడి మొత్తం సంఘం ఓట్లు రాసిచ్చే హక్కు ఏ పెద్దకూ లేదు.

అభ్యర్థిని అడగండి

తాగునీరు, మురుగు కాలువలు, వీధి దీపాలు, ఇంటి పన్ను, ఇంటి ప్లాను, ఇవన్నీ స్థానిక సంస్థ పనులే. సమాధుల స్థలం కూడా దాని బాధ్యతే. చోటు లేక మృతదేహంతో దారిలో నిలబడిన కుటుంబానికి ఆ బాధ్యత విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. కాబట్టి ఓటు అడగడానికి వచ్చినవారిని పార్టీ పేరుతో పాటు ఇవి కూడా అడుగుదాం: సమాధుల స్థలానికి హద్దులు వేయిస్తారా? పంచాయతీ లెక్కలు గ్రామసభలో చదివి వినిపిస్తారా? గెలిచాక పార్టీ మారాలనిపిస్తే ముందు వార్డు ప్రజలను పిలిచి కారణం చెబుతారా?

మోషేకు మామ యిత్రో ఇచ్చిన సలహా మనకు తెలిసిందే. ప్రజల వ్యాజ్యాలు తీర్చడానికి మనుషులను ఏర్పరచుకొనేటప్పుడు లంచానికి లొంగనివారిని వెదకమన్నాడు. అలాంటివారు ఏ పార్టీలో ఉన్నా ఊరికి మేలే. కౌన్సిల్ ఎవరి చేతికి పోతుందో మన ఒక్క ఓటు తేల్చలేకపోవచ్చు. మన వార్డు తరఫున ఆ హాలులో ఎవరు కూర్చుంటారో మాత్రం తేల్చేది మనమే.