పాత ట్రక్కు ఎత్తును కొలుచుట ఎట్లు?

అమెరికాలోని ఫోర్డు కంపెనీ 1953 మోడలుగా ఎఫ్-100 అను పికప్ ట్రక్కును వెలువరించినది. ముందు క్యాబిను, వెనుక సామాను వేయుటకు పైకప్పు లేని తొట్టి గల బండి ఇది. ఆ పేరు గల ట్రక్కులు అమెరికాలో 1983 మోడలుతో ముగిసినవి. నేడు వానిని చాలమంది మక్కువతో బాగుచేయించి నడుపుచున్నారు. అట్టివారికి తరచుగా కలుగు సందేహమొకటి కలదు. ఫ్యాక్టరీ నుండి వచ్చిననాడు ఈ బండి ఎంత ఎత్తున నిలిచెడిది? ఇప్పుడు కుంగినదా, లేదా?

నేలనుండి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిచిన చాలునని తోచును. కాని ఆ ఒక్క అంకెలో టైరు, స్ప్రింగు, బాడీ అను మూడింటి మార్పులును కలిసిపోయి యుండును. దేనిలో లోపమున్నదో ఆ అంకె చెప్పజాలదు.

ఈ కొలత కేవలము అందమునకు సంబంధించినది కాదు. 1965 మోడలు నుండి, వెనుక చక్రములతో మాత్రమే నడచు ఎఫ్-100 బండ్ల ముందుభాగమున ఫోర్డువారు 'ట్విన్ ఐ-బీమ్' అను ఏర్పాటు చేసిరి. అంతకుముందు రెండు ముందు చక్రములకును ఒకే ఇరుసు ఉండెడిది. కొత్త ఏర్పాటులో ఒక్కొక్క చక్రమునకు ఒక్కొక్క ఉక్కు దూలము కలదు. కుడి చక్రపు దూలము చాసిస్ ఎడమవైపునను, ఎడమ చక్రపు దూలము కుడివైపునను కీలుపై తిరుగును. దూలమునకు, చాసిస్‌కు నడుమ చుట్టల స్ప్రింగు ఉండును.

స్ప్రింగు కుంగినచో చాసిస్‌తోపాటు కీలు దిగును. చక్రము మాత్రము నేలపైననే యుండును. అందుచే దూలము వాలి, చక్రపు పైభాగము లోపలికి ఒరుగును. దూలము పొడవు 1 మీటరనియు, కీలు 2.5 సెం.మీ. దిగినదనియు అనుకొందము. ఒరుగు కోణము 2.5/100 రేడియను, అనగా సుమారు 1.4 డిగ్రీలు. చూపునకిది స్వల్పమే. కాని అట్లు ఒరిగిన టైరు లోపలి అంచు త్వరగా అరిగిపోవును. కావున చక్రముల వాలును సరిచేయుటకు ముందు ఎత్తును సరిచూడవలెను.

దీనికి మూడు కొలతలు తీయవలెను. మొదటిది నేలనుండి చక్రపు కేంద్రము వరకు. ఇది టైరును గూర్చి చెప్పును. గాలి తగ్గినను, వేరొక సైజు టైరు వేసినను ఇది మారును. రెండవది చక్రపు కేంద్రమునుండి నిలువుగా మడ్‌గార్డు అంచు వరకు. టైరు ఏదైనను ఇది మారదు. మూడవది ఇరుసు పైభాగమునుండి చాసిస్ అడుగు వరకు. ఇది స్ప్రింగును గూర్చి చెప్పును.

1965కు పూర్వపు, ఒకే ఇరుసు గల బండి ఒకటి ముందువైపున ఉండవలసిన ఎత్తుకంటె రెండు పక్కలను 3 సెం.మీ. తక్కువగా నున్నదనుకొందము. మొదటి కొలత సరిగానే యున్నది. కావున టైర్లలో దోషము లేదు. రెండవ కొలతలో 3 సెం.మీ. లోటు కనబడినది. మూడవ దానిలో లోటు 1 సెం.మీ. మాత్రమే. అనగా స్ప్రింగుల కుంగుదల 1 సెం.మీ. మాత్రమే. మిగిలిన 2 సెం.మీ. క్యాబినును, ముందు రేకులను చాసిస్‌పై నిలుపు రబ్బరు దిండ్లు అణగుటచే వచ్చినవి. మూడు కొలతలు లేనిచో యజమాని ఊరక కొత్త స్ప్రింగులు కొనెడివాడు. ట్విన్ ఐ-బీమ్ బండిలో దూలము ఒక కీలుపై తిరుగును గనుక మూడవ కొలత కొలుచు చోటునుబట్టి మారును. అచట సర్వీసు పుస్తకము చెప్పిన చోటనే కొలువవలెను.

కొలుచుటకు ముందు నేల సమతలముగా నున్నదో లేదో చూడవలెను. నీరు నింపిన పారదర్శకపు గొట్టము ఇందుకు చాలును. టైర్లలో తగినంత గాలి ఉండవలెను. తొట్టిలో సామాను, క్యాబినులో మనుష్యులు ఉండరాదు. 1960ల ఎఫ్-100లో పెట్రోలు టాంకు సీటు వెనుకనే కలదు. 60 లీటర్ల పెట్రోలు బరువు సుమారు 45 కిలోలు. కావున టాంకు నిండుగా నున్నదా, ఖాళీగా నున్నదా అనుట కూడ లెక్కలోనికి వచ్చును. జాకీ తీసిన తరువాత బండిని కొన్ని అడుగులు ముందుకు, వెనుకకు దొర్లించవలెను. లేనిచో నేలను పట్టుకొన్న టైర్లు స్ప్రింగులను సహజస్థితికి రానీయవు.

వెనుకనున్న కమాను కట్టలలో రేకులు ఒకదానిపై నొకటి రాసికొనును. ఈ ఘర్షణ వలన బండి ప్రతిసారి ఒకేచోట నిలువదు. బంపరును క్రిందికి నొక్కి మెల్లగా వదలి ఒకసారి, పైకెత్తి మెల్లగా వదలి మరియొకసారి కొలిచి, రెండింటి సగటు తీసికొనవలెను. మొదటి కొలత కొంత తక్కువగను, రెండవది కొంత ఎక్కువగను వచ్చును. సరియైన ఎత్తు వాని నడుమ నుండును.

ఇక ఫ్యాక్టరీ ఎత్తు అనునది ఒకే అంకె కాదు. ఆరు సిలిండర్ల ఇంజను బరువు వేరు, వి-8 ఇంజను బరువు వేరు. స్ప్రింగులలోను రకములు కలవు. కావున ఆ సంవత్సరపు, ఆ రకపు బండికి చెప్పిన హద్దులతో పోల్చవలెను. మరియొక విషయము. ఖాళీ పికప్ ట్రక్కు తోక కొంత ఎత్తుగా నుండుట సహజము. దాని వెనుక స్ప్రింగులు బరువు మోయుటకై చేయబడినవి. దానిని లోపమని తలచి తగ్గించినచో, బరువు వేసిననాడు ఇరుసు చాసిస్‌కు తగులు ప్రమాదము కలదు.

సాగుదల బలమునకు అనుపాతములో నుండునని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన సూత్రమే దీనికంతకును మూలము. పాఠశాల ఆవరణలో నిలిపిన ఏ వ్యానుతోనైనను విద్యార్థులు దీనిని పరీక్షింపవచ్చును. వెనుక చక్రపు కేంద్రమునుండి మడ్‌గార్డుకు, నేలనుండి కేంద్రమునకు గల దూరములను ముందుగా వ్రాసికొనవలెను. తరువాత బరువు తెలిసిన విద్యార్థులను ఇద్దరిద్దరుగా వెనుక ఇరుసుకు సరిగా పైన కూర్చుండబెట్టి, ప్రతిసారి మరల కొలువవలెను. బరువును ఒక అక్షముమీదను, దిగిన దూరమును మరియొక అక్షముమీదను గుర్తించినచో, బిందువులు ఇంచుమించు ఒక సరళరేఖపై పడును. టైరు దిగినది ఎంత, స్ప్రింగు దిగినది ఎంత అనునదియు విడివిడిగా తెలియును.